‘వెళ్ళం’ అంటే మంచినీళ్ళు: చదవడం రాని పెద్దలకు ఇంగ్లీషు నేర్పే టీచర్లకు శిక్షణ, ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ పని చేసే మహిళలకు ఇంగ్లీషు నేర్పాలనీ, అందుకు కావలసిన టీచర్లను తయారుచేయాలనీ మా బృందాన్ని అడిగారు. ఈ మహిళలు వార్డులు తుడుస్తారు, మంచాల మీద దుప్పట్లు మారుస్తారు, చెత్త సంచులు కట్టి కిందికి చేరుస్తారు. ఎక్కువమంది పాలమూరు వైపు నుంచి, కొంతమంది శ్రీకాకుళం నుంచి వలస వచ్చినవారు. వయసు ముప్పై నుంచి యాభై అయిదు దాకా ఉంటుంది. కొందరు బడి ముఖమే చూడలేదు. మరికొందరు మూడో నాలుగో తరగతి దాకా చదివి, ఆ తర్వాత పనుల్లో పడి అక్షరాలు మరిచిపోయారు. కేరళ నుంచి వచ్చిన నర్సులు, ఉత్తరాది డాక్టర్లు, ఆఫ్రికా దేశాల నుంచీ గల్ఫ్ నుంచీ చికిత్సకు వచ్చే రోగులు ఉన్నచోట వీరికి ఇంగ్లీషు అవసరం పూటపూటా పడుతుంది. టీచర్లుగా తొమ్మిదిమంది వచ్చారు. వారిలో ఆరుగురు డీఎడ్ గానీ బీఎడ్ గానీ పూర్తిచేసిన యువతులు, ఇద్దరు డిగ్రీ చదివిన గృహిణులు, ఒకరు రిటైరైన తెలుగు టీచరు. వారికి శిక్షణ ఇచ్చే బాధ్యత నాది.

మొదటి విడత శిక్షణ రెండు రోజుల్లో ముగించాను. పాఠం ఎలా సిద్ధం చేసుకోవాలో, బోర్డు ఎలా వాడాలో, మాటను ఎలా పలికించాలో చెప్పాను. టీచర్లు శ్రద్ధగా విన్నారు, శ్రద్ధగానే వెళ్ళి పాఠాలు చెప్పారు. నాలుగు గీతల పుస్తకాలు కొని పంచారు, ఏబీసీడీల చార్టు గోడకు తగిలించారు, మొదటి వారం పెద్ద ఏబీసీడీలు, రెండో వారం చిన్న ఏబీసీడీలు దిద్దించారు. మొదటి రోజు ఇరవై రెండు మంది కూర్చున్నారు. మూడో వారం చివరికి ఏడుగురు మిగిలారు. పిల్లలకు నేర్పిన అనుభవం ఉన్నవారికి పెద్దలకు ఎలా నేర్పాలో దానంతటదే తెలిసిపోతుందని నేను అనుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. బడి ఎలా ఉంటుందో తెలిసిన టీచరు, ఏ శిక్షణా లేకపోతే, తాను చదువుకున్న బడినే మళ్ళీ కడుతుంది. ఆ టీచర్లలో ఏ ఒక్కరినీ నేను తప్పుపట్టలేను.

మానేసినవారిని టీచర్లే వెళ్ళి కలవాలని, ‘ఎందుకు రావడం లేదు’ అని కాకుండా ‘మీకు ఏం కావాలి’ అని అడగాలని నిర్ణయించుకున్నాం. మూడో అంతస్తులో పనిచేసే ఒక పెద్దమ్మ చెప్పిన మాటను మా టీచరు ఉన్నదున్నట్టు రాసుకొచ్చింది: “గా ఏబీసీడీలు నాకెందుకు బిడ్డా? గా డబ్బ మీద ఏం రాసిండ్రో జెప్పరాదు. తప్పు డబ్బ తెస్తే సూపర్‌వైజర్ తిడ్తడు.” ఆమె చెత్త డబ్బాల గురించి అంటోందని మొదట అనుకున్నాం. ఆసుపత్రి వ్యర్థాలకు సంబంధించి 2016లో వచ్చిన నియమాల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకీ, ప్లాస్టిక్ గొట్టాలు, చేతి తొడుగులు ఎరుపు సంచిలోకీ, సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లు పడని తెల్లని డబ్బాలోకీ, గాజు సీసాలు నీలం గుర్తున్న పెట్టెలోకీ వెళ్ళాలి. ఈ రంగుల లెక్క పెద్దమ్మకు కంఠతా వచ్చు, ఎన్నడూ పొరపాటు పడలేదు. ఆమెకు చిక్కు వచ్చినది రంగు సాయం లేనిచోట. నేల తుడిచే మందు, మరుగుదొడ్డి కడిగే మందు ఒకే రకం తెల్ల క్యానుల్లో వస్తాయి, తేడా అంతా పైన అతికించిన చీటీలో ఉంటుంది. ఆమె మూత తీసి వాసన చూసి గుర్తుపడుతోంది. ఆ మందులను దగ్గరగా పెట్టుకొని వాసన చూడడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఆమెకు మొదటి పాఠం ఆ రెండు చీటీలు కావాలి. మేము ఆమె చేత ఆపిల్‌కు ‘ఏ’ రాయించాం.

ఇంకొక సంగతి బయటపడింది. వచ్చినవారిలో నలభై దాటినవారు చాలామంది ఉన్నారు, వారిలో అనేకులకు చత్వారం ఉంది. చదువుకున్నవారు పేపరు చదవలేకపోతున్నామని కంటి డాక్టరు దగ్గరకు వెళతారు. చదవడమే లేని మనిషికి దగ్గరి చూపు తగ్గిన సంగతి తెలిసే సందర్భమే రాదు. నాలుగు గీతల మధ్య అక్షరం కనబడక, ‘నా బుర్రకు చదువు ఎక్కదు’ అనుకొని మానేసినవారు ఇద్దరు దొరికారు. అప్పటినుంచి టీచర్లకు నేను నేర్పే మొదటి పని ఒక ప్రశ్న అడగడం: “అక్కా, సూదిలో దారం మీరే ఎక్కిస్తారా, పిల్లల చేత ఎక్కిస్తారా?” పిల్లల చేత ఎక్కిస్తానని చెప్పినవారిని ముందు కళ్ళద్దాలకు పంపి, ఆ తర్వాతే పాఠానికి కూర్చోబెడతాం. ఈ ఒక్క ప్రశ్న శిక్షణలో నేను చెప్పిన పెద్ద పెద్ద విషయాలకన్నా ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

రెండో విడత శిక్షణ అయిదు రోజులు పెట్టాం. మొదటి రోజు నేను పాఠం చెప్పలేదు. ఒక్కొక్క టీచరు ఒక్కొక్క మహిళ వెంట ఉదయం షిఫ్టు అంతా తిరిగి, ఆమె చెవిన పడిన ఇంగ్లీషు మాటనూ, ఆమె నోట వచ్చిన ఇంగ్లీషు మాటనూ రాసుకోవాలి. ‘ఆమెకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు’ అంటూ వెళ్ళిన టీచరు పుస్తకంలో సాయంత్రానికి నాలుగు పేజీలు నిండాయి. డ్యూటీ, షిఫ్టు, నైటు, ఓటీ, ఐసీయూ, బెడ్డు, డిశ్చార్జి, స్ట్రెచరు, శాంపిలు, ల్యాబు, బీపీ, షుగరు, సెలైను, మాపు, బకెట్టు, లిఫ్టు, లోను, ఓటీపీ. అవన్నీ తెలుగు వేషం కట్టిన ఇంగ్లీషు మాటలు. తెలుగు అచ్చుతో ముగిసే భాష గనుక బెడ్ వచ్చి బెడ్డు అయింది, బకెట్ వచ్చి బకెట్టు అయింది. చివరి ‘ఉ’కారాన్ని తప్పుగా లెక్కవేసి దిద్దడం మొదలుపెడితే, ఆమెకు ఉన్న నాలుగు పేజీల ఆస్తినీ మొదటి రోజే లాగేసుకున్నట్టు అవుతుంది. బెడ్డు అన్నా నర్సుకు అర్థమవుతుంది కాబట్టి దాని జోలికి పోవద్దని, వినేవారికి అర్థం మారిపోయే చోట మాత్రమే ఉచ్చారణను పట్టించుకోవాలని ఒక నియమం పెట్టుకున్నాం. ఈ నియమం మీద మా రిటైరైన టీచరుగారు నాతో గట్టిగా వాదించారు. ముప్పై ఏళ్ళు పిల్లల ఉచ్చారణ దిద్దిన మనిషికి అది మింగుడుపడే సంగతి కాదని నాకు తెలుసు. చివరికి ఆమె ఒప్పుకున్నది నా వాదన విని కాదు, మరుసటి రోజు జరిగిన మలయాళం పాఠం వల్ల.

ఆ పాఠాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. నేర్చుకునే మనిషి స్థానంలో టీచరును కూర్చోబెట్టకుండా ఈ శిక్షణ సాగదు. అందుకని ఆ ఆసుపత్రిలోనే పనిచేసే ఒక మలయాళీ నర్సును ఇరవై నిమిషాల సేపు మలయాళం నేర్పమని అడిగాం. తెలుగు, ఇంగ్లీషు, హిందీ ఏవీ వాడకూడదన్నది షరతు. ఆమె గదిలోకి వచ్చి, బల్ల మీద ఉన్న నీళ్ళ గ్లాసు వైపు చూపించకుండానే, గబగబా “వెళ్ళం, వెళ్ళం” అంది. మా వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ‘వెళ్ళం’ అంటే తెలుగులో వెళ్ళబోమని కదా! ఎక్కడికి వెళ్ళం? తర్వాత ఆమె “వెళ్ళం కుడిక్కూ” అంది. ‘కుడి’ అన్న ముక్క చెవిన పడగానే ముగ్గురు టీచర్లు తమ కుడివైపుకు తిరిగి చూశారు. ఆమె గొంతు పెంచి మళ్ళీ అదే మాట అంది. గొంతు పెరిగినకొద్దీ మా వాళ్ళ భుజాలు ముడుచుకుపోయాయి. రెండోసారి, ముందే అనుకున్న ప్రకారం, ఆమె గ్లాసు ఎత్తి చూపించి నెమ్మదిగా “వెళ్ళం” అంది, తాగి చూపించి “కుడిక్కూ” అంది, గ్లాసు ఒక టీచరు చేతికిచ్చి మళ్ళీ అదే మాట అంది. ఆ టీచరు తాగింది. వెళ్ళం అంటే నీళ్ళు, కుడిక్కూ అంటే తాగమని, రెండు నిమిషాల్లో తొమ్మిదిమందికీ వచ్చేసింది. ఎవరూ ఒక్క మాట పైకి పలకవలసిన అవసరం రాలేదు. మాట చెప్పి, చేసి చూపించి, చేయించే ఈ పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ 1960ల నాటికే ప్రచారంలోకి తెచ్చారు. నేను దాని గురించి మొదటి విడతలో అరగంట ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను, అది ఎవరికీ గుర్తులేదు. గ్లాసెడు నీళ్ళు మాత్రం ఈనాటికీ గుర్తున్నాయి. తర్వాత మాట్లాడుకున్నప్పుడు మా రిటైరైన టీచరుగారు అన్నారు: “ఆ అమ్మాయి నా చేత పలికించి, దాన్ని దిద్ది ఉంటే నేను లేచి వెళ్ళిపోయేదాన్నమ్మా.”

మధ్యాహ్నం ఉర్దూ లిపి పాఠం పెట్టాం. హైదరాబాద్‌లో ఉంటున్నవారు కనుక మా టీచర్లలో చాలామందికి ఉర్దూ వింటే అర్థమవుతుంది, దుకాణాల బోర్డుల మీద ఆ లిపిని రోజూ చూస్తారు, కానీ చదవలేరు. మాట తెలిసి అక్షరం తెలియని స్థితి అంటే ఏమిటో వారికి తెలియడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. కుడి నుంచి ఎడమకు రాసే అయిదు మాటలను చూసి రాయమన్నాం. ఒకే అక్షరం మాట మొదట ఒక రూపంలో, మధ్యలో ఒక రూపంలో, చివర మరొక రూపంలో ఉంటుందని వారికి ముందుగా చెప్పలేదు. పది నిమిషాల తర్వాత పుస్తకాలు చూస్తే, చుక్కలు ఎక్కడ పెట్టాలో తెలియక కొందరు అసలు పెట్టలేదు, కొందరు గీతను అక్షరంలాగా గీశారు, ఒక టీచరు మాట చివరి నుంచి మొదటికి బొమ్మ వేసినట్టు వేసింది. ఎవరికీ ఆ అయిదింటిలో ఒక్క మాటైనా చదవడం రాలేదు. చూసి రాయడం వేరు, చదవడం వేరు అన్న సంగతిని చెప్పి నమ్మించడం కష్టం. చేతి వేళ్ళు నొప్పి పుట్టాక నమ్మకం కలిగింది. నాలుగు గీతల పుస్తకాలు మళ్ళీ ఎవరూ అడగలేదు.

అక్షరాల విషయానికి వస్తే, టీచర్లకు అన్నిటికన్నా కష్టంగా తోచింది ఇదే. ‘క్యాట్ అన్న మాటలో మొదటి శబ్దం ఏమిటి’ అని మనం ఎంతో తేలికగా అడుగుతాం. చదవడం రాని పెద్ద మనిషి దానికి జవాబు చెప్పలేకపోతే బుద్ధి మందగించిందనుకుంటాం. పోర్చుగల్‌లో జోజె మొరాయిస్ బృందం 1979లో ప్రచురించిన పరిశోధనలో, ఎన్నడూ చదువుకోని పెద్దలు మాట మొదట్లో ఒక శబ్దాన్ని చేర్చడం, తీసేయడం దాదాపుగా చేయలేకపోయారు. వారివంటి నేపథ్యం నుంచే వచ్చి పెద్దయ్యాక చదువుకున్నవారు చేయగలిగారు. అంటే మాటను విడి శబ్దాలుగా వినడం చదువు రావడానికి ముందు ఉండే తెలివి కాదు, అక్షరమాల నేర్చుకోవడంతో వచ్చే నేర్పు. తెలుగు చదివినవారికి ఇందులో మరొక చిక్కు ఉంది. మన లిపిలో ‘క’ అన్నది క్, అ కలిసిన ముద్ద. మన అక్షరం పేరూ, అది పలికే శబ్దమూ ఒకటే. ఇంగ్లీషులో ‘సీ’ అని పిలిచే అక్షరం ‘క’ అని పలుకుతుంది, ‘డబ్ల్యూ’ అని పిలిచేది ‘వ’ అని పలుకుతుంది. అందువల్ల అక్షరాల పేర్లతో మొదలుపెట్టడం ఈ మహిళల నెత్తిన రెట్టింపు బరువు పెట్టడమే. పేర్లను వెనక్కి నెట్టి, పూర్తి మాటలను బొమ్మల్లా గుర్తుపట్టించడంతో మొదలుపెట్టాలని, మాటలు పాతిక ముప్పై చేతిలోకి వచ్చాక వాటి లోపలి అక్షరాల దగ్గరకు వెళ్ళాలని ఒప్పందానికి వచ్చాం.

అక్కడ కూడా ఒక దెబ్బ తగిలింది. ఆసుపత్రి అద్దాల తలుపుల మీద ఉండే పుష్ (PUSH), పుల్ (PULL) అన్న రెండు మాటలతో మొదటి పాఠం చేశాం. రెండూ నాలుగేసి అక్షరాల మాటలు, మొదటి రెండు అక్షరాలూ ఒకటే. మహిళలు మొదటి అక్షరం చూసి గుర్తుపట్టడం అలవాటు చేసుకున్నారు గనుక రెంటినీ ఒకటిగా చదివేశారు. నిజమైన తలుపు దగ్గర ఒక అక్క లాగవలసినదాన్ని నెట్టి, చేతిలోని బకెట్టు నీళ్ళు ఒలకబోసుకుంది. టీచరు వెంటనే పాఠం మార్చింది. మాటను బోర్డు మీద రాసి, మొదటి రెండక్షరాలను చేత్తో మూసి, చివరి రెంటినే చూపించింది. ఒకేలాంటి అక్షరాలు రెండు పక్కపక్కన నిలబడితే లాగాలి, చివర నిచ్చెన మెట్టు ఉంటే నెట్టాలి. ఈ ‘నిచ్చెన మెట్టు’ అన్న పేరు ఆ మహిళలదే. అక్షరానికి వారు పెట్టుకున్న పేరు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరుకన్నా నూరుపాళ్ళు పనికొచ్చింది.

మాటలు పోగయ్యాక వాక్యాలకు వెళ్ళే దారి మహిళల సొంత మాటలే కావాలని నేను పట్టుబట్టాను. పెద్దల చదువు వారి బతుకులో నుంచి మొలిస్తే ఎంత దూరం పోతుందో మనకు బయటివారు చెప్పనక్కరలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న మహిళలు సారా దుకాణాన్ని మూయించిన చరిత్ర మనదే. ఒక రోజు ఒక మహిళ, మూడో అంతస్తులో నీళ్ళు ఒలికితే తాను పరుగెత్తి తుడిచానని తెలుగులో చెప్పింది. టీచరు దాన్ని ఆమెకు తెలిసిన ఇంగ్లీషు మాటల్లోనే చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసింది: ‘వాటర్ ఆన్ ఫ్లోర్. ఐ మాప్. ఫ్లోర్ డ్రై.’ వ్యాకరణం సరిగా లేదని నాకూ తెలుసు, టీచరుకూ తెలుసు. ఆ మూడు వాక్యాలను ఆ మహిళ వేలు పెట్టి చదివింది, పక్కవారికి చదివి వినిపించింది. వ్యాకరణం తర్వాతి నెలల్లో ఆ చార్టు మీదనే కొద్దికొద్దిగా సర్దుకుంది.

ముందు తెలుగు చదవడం నేర్పి, ఆ తర్వాత ఇంగ్లీషు నేర్పితే మంచిది కాదా అని టీచర్లు అడిగారు. మంచిదే. సొంత భాషలో చదవడం వచ్చినవారికి మరో భాష చదవడం తేలికవుతుందన్నది నేను కళ్ళారా చూసినదే. పదిహేనేళ్ళు దాటినవారి చదువు కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన ఉల్లాస్ వంటి కార్యక్రమాలు కూడా ఉన్నాయి. అయితే వారానికి రెండుసార్లు, ముప్పావుగంట చొప్పున దొరికే సమయంలో ఈ మహిళలు అడిగింది ఇంగ్లీషు. అడిగినది పక్కనబెట్టి మనకు మంచిదని తోచినది ఇస్తే వారు మళ్ళీ రారు. తెలుగు కావాలన్న నలుగురికి విడిగా కూర్చొని నేర్పుతున్నాం. మిగిలినవారికి ముందు వినడం, మాట్లాడడం, పని చుట్టూ ఉన్న మాటలు గుర్తుపట్టడం.

తప్పులు దిద్దే పద్ధతి మీద ఒక పూట పూర్తిగా వెచ్చించాం. అమెరికాలోని మినియాపొలిస్‌లో సోమాలీ వలసదారులతో మార్తా బిగెలో, ఎలైన్ టారోన్ చేసిన పరిశోధన ఇక్కడ అక్కరకు వచ్చింది. మనం తప్పును మాటల్లోనే సరిచేసి తిరిగి చెప్పినప్పుడు, చదువు తక్కువ ఉన్నవారు ఆ సరిచేసిన రూపాన్ని గుర్తుపెట్టుకొని తిరిగి చెప్పడంలో వెనకబడ్డారని వారు చూపారు. అర్థం అందుతుంది, రూపం జారిపోతుంది. కాబట్టి టీచరు సరైన వాక్యాన్ని ఒకసారి అనేసి ముందుకు వెళ్ళిపోతే లాభం లేదు. ఒక వాక్యాన్ని మాటకొక గులకరాయి చొప్పున బల్ల మీద పేర్చి, తప్పిన చోట ఉన్న రాయిని వేలితో తట్టి చూపించే అలవాటును టీచర్లకు చేయించాం. అక్షరం రానివారికి వాక్యం కళ్ళకు కనబడేది రాళ్ళలోనే. ‘తప్పు’ అన్న మాట తరగతిలో వినబడకూడదని ఎవరూ నియమం పెట్టలేదు, దాని అవసరమే తగ్గిపోయింది.

పరీక్ష కాగితం పెట్టలేదు. ఆరు నెలల చివర టీచరు ఒక్కొక్కరి వెంట వార్డులో నడిచి, చీటీలు చదివించి, నర్సు చెప్పిన పని చేయించి, ఒక రోగితో రెండు మాటలు మాట్లాడించి చూసుకుంది. రెండో విడతలో చేరిన పద్దెనిమిది మందిలో చివరిదాకా ఉన్నది పదకొండు మంది. వెళ్ళిపోయినవారిలో ఎక్కువమంది చదువు రాక వెళ్ళలేదు, షిఫ్టులు మారి వెళ్ళారు. తరగతి ఉన్న రోజుల్లో షిఫ్టు మార్చబోమని మొదట్లో ఒప్పుకున్న కాంట్రాక్టరు రెండో నెలలోనే ఆ మాట తప్పారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషిని పొద్దున్నే కూర్చోబెట్టి చదివించమని నేను ఏ టీచరుకూ చెప్పలేను. షిఫ్టు మారే సమయంలో దుప్పట్లు మడతపెట్టే గదిలోనే పావుగంట పాఠం చెప్పే ఏర్పాటు ఇప్పుడు నడుస్తోంది. దాని కోసం టీచర్లకు మరొక రోజు శిక్షణ ఇచ్చాను. చేతులు పని చేస్తూ ఉండగా నోటితో సాగే పాఠం అది, బోర్డు ఉండదు.

ఉచ్చారణ దిద్దవలసిన చోట మాత్రమే దిద్దాలన్నాను. అటువంటి చోటు ఒకటి మొదటి నుంచీ మమ్మల్ని భయపెట్టింది. థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. నర్సు వేగంగా చెబితే పదిహేనో నంబరు మంచమో యాభయ్యో నంబరు మంచమో తెలియడం కష్టం. ఈ మహిళల నోట ‘ఫిఫ్టీను’ అయ్యేసరికి నర్సుకూ తికమకే. చాలాసార్లు పలికించి చూశాం, భరోసా కలగలేదు. అప్పుడు మా బృందంలోని ఒక గృహిణి, ఫోను నంబరు చెప్పినట్టు ఒక్కొక్క అంకె విడిగా అడగమని నేర్పింది. మొన్న నేను వార్డులో ఉండగా నర్సు “ఫిఫ్టీన్, బెడ్‌షీట్ చేంజ్” అని వెళ్ళబోతుంటే, క్యాను వాసన చూసే ఆ పెద్దమ్మ ఆగి, “సిస్టర్, వన్ ఫైవా, ఫైవ్ జీరోనా?” అని అడిగింది. నర్సు వెనక్కి తిరిగి “వన్ ఫైవ్” అంది. ఆ అంతస్తులో ఇప్పుడు నర్సులు ముందుగానే అంకెలు విడదీసి చెబుతున్నారు. కొత్తగా చేరిన నర్సు ఎవరైనా మరిచిపోతే పెద్దమ్మ కదలదు, మళ్ళీ అడుగుతుంది.